ఆ సంతకము ఎవరిది?

మొన్న మాఘమాసములో ఒకనాటి సాయంకాలము, మీర్‌పేట్‌లోని మా వీధి చివర బట్టలు కుట్టి జీవించు ఒక ఇల్లాలు, దుకాణము మూసి ఇంటికి పోవుచు మా గుమ్మము ముందు ఆగి, చేతిసంచిలో జాకెట్టు ముక్కల నడుమ భద్రముగా పెట్టి తెచ్చిన కాగితముల కట్టను తీసి నా చేతికిచ్చెను. ఇరువది యేండ్ల క్రిందట నల్లగొండ జిల్లాలోని పల్లెను విడిచివచ్చి సాగర్ రోడ్డు ప్రక్కన నిలదొక్కుకొన్న కుటుంబము వారిది. భర్తకు చక్కెరవ్యాధి ముదిరి మూత్రపిండముల దాకా పాకినందున నెలకొకసారి ఒక పెద్ద ఆసుపత్రికి పోయి వచ్చుచున్నారు.

“సారూ, గిది జర సదివి చెప్పుండ్రి. కొత్త మందట, ఫ్రీగ ఇస్తరట. రేపు పొద్దుగాల సంతకం పెట్టాలె అన్నరు. మా ఆయన పెడ్తనంటుండు, నాకే మనసొప్పుతలేదు” అని ఆమె యనెను.

పదునాలుగు పుటల సమ్మతిపత్రమది. లిపి తెలుగే, భాష మాత్రము ఎవరిదో చెప్పుట కష్టము. మొదటి పుటలోనే ‘యాదృచ్ఛికీకరించబడిన’ అని, ‘ద్వంద్వ అంధ’ అని, ‘ప్రతికూల సంఘటన’ అని మూడు మాటలు వరుసగా ఎదురయ్యెను. ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పిన నాకే ఒక్కొక్క వాక్యమును మూడు పర్యాయములు చదువవలసి వచ్చెను. చివరి పుటలో సంతకము పెట్టవలసిన చోట ఎవరో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి యుంచిరి. ఆ పదునాలుగు పుటలలో చూడగానే అర్థమగు గుర్తు అదియొక్కటే.

నేను నాకు తోచిన తెలుగులో చెప్పితిని: వచ్చిన రోగులను చీటీలు తీసినట్లు రెండు జట్లుగా చేయుదురనియు, ఒక జట్టుకు కొత్త మందును, రెండవ జట్టుకు చూచుటకు అటువంటిదే యైన మందులేని బిళ్లను ఇత్తురనియు, ఎవరికేది వచ్చినదో రోగికి గాని వైద్యునికి గాని తెలియనీయరనియు చెప్పగా, ఆమె ఆశ్చర్యపడి, “డాక్టరుకు సుత తెల్వదా?” అని యడిగెను. తెలిసినచో వైద్యుని కన్ను ఒకవైపు మొగ్గునని వివరించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, అసలు ప్రశ్న అప్పుడడిగెను: “మేము వద్దంటే మళ్ల మమ్ముల చూస్తరా సారూ?”

చూడవలెను. పాల్గొనుటకు ఇష్టము లేకున్నను, నడుమ మానుకొన్నను, రోగికి అంతవరకు జరుగుచున్న వైద్యమునకు లోపము రాకూడదని ప్రభుత్వ నియమము. ఆ వాక్యము ఆ కాగితములలో ఉన్నది; పదకొండవ పుటలో, రక్తపరీక్షల పట్టికకును బీమా వివరములకును నడుమ ఉన్నది.

మనుష్యుల మీద జరుగు పరిశోధనకు ప్రభుత్వము కాయు కావలి యెట్టిదో తెలియవలెనన్నచో, ఆ ఇల్లాలి ప్రశ్న మొదలుకొని ఆ పదకొండవ పుట వరకు ఉన్న దూరమును కొలిచిన చాలునని నాకు తోచినది. ఈ వ్యాసము ఆ కొలతకై చేసిన ప్రయత్నము.

మన హైదరాబాదు నగరమునకు ఈ విషయములో పాత సంబంధము కలదు. 1897 ఆగస్టులో బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా జ్వరముతో నున్న హుసేన్ ఖాన్ అను రోగిని దోమతెరలో పరుండబెట్టి, తాను పెంచిన దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి చెల్లించెను. ఆ దోమలలో నొకదానిని 20వ తేదీన కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనబడెను. లోకమునకు మహోపకారము చేసిన ఆ ఆవిష్కారమునకు 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. హుసేన్ ఖాన్‌కు అణాలు వచ్చెను. అతనికి అందువలన కీడు కలిగినట్లు తెలియదు, నిజమే. కాని అతనికి ఏమి చెప్పిరి, అతడేమని ఒప్పుకొనెను, ఒప్పుకొననని యనుటకు అతనికి వీలుండెనా అని అడుగవలసిన వారు ఆనాటి ప్రభుత్వములో ఎవరును లేకుండిరి. పరిశోధకుడు కూడ ఆ ప్రభుత్వోద్యోగియే.

పరిశోధనయే వలదనుట నా అభిమతము కాదు. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు తన సహచరులతో కలిసి సిద్ధము చేసిన అమినోప్టెరిన్ అను మందును, సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు బోస్టన్ నగరములో రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న 16 మంది పిల్లలకిచ్చి చూడగా, 10 మందికి కొంతకాలము వ్యాధి వెనుకకు తగ్గినదని 1948లో ప్రకటించెను. ఆ రోగమునకు మందు కలదన్న ఆశ లోకమునకు మొట్టమొదట కలిగినది అప్పుడే. నేడు మన నగరపు యెం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో కోలుకొని ఇంటికి పోవు ప్రతి పసివాడును, ఆనాటి ఆ పిల్లలకు ఋణపడియున్నాడు. మందు పనిచేయునో లేదో తుదకు మనుష్యుని శరీరమే చెప్పవలెను. దానికి మారుదారి లేదు. మారుదారి లేనందువలననే ఆ శరీరము ఎవరిదో వారి మాట ముందు వినవలసి యున్నది.

ఈ మాట లోకము తేలికగా నేర్వలేదు. జర్మనీలో నాజీ వైద్యులు బందీల మీద జరిపిన దారుణములను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానము, 1947లో తన తీర్పుతో పాటు పది సూత్రములను ప్రకటించి, స్వచ్ఛందమైన సమ్మతి లేనిదే మనుష్యుని మీద ప్రయోగము కూడదని మొదటి సూత్రముగా నిలిపెను. ఆ తీర్పు వెలువడిన నాటికే అమెరికాలో, అలబామా రాష్ట్రపు టస్కెగీ ప్రాంతమున, ఆ దేశ ప్రజారోగ్యశాఖ సిఫిలిస్ వ్యాధి గల 399 మంది పేద నల్లజాతివారిని వైద్యము చేయుచున్నట్లు నమ్మించి, రోగము తనంత తానుగా ఎట్లు ముదురునో చూచుచు కూర్చుండెను. 1932లో మొదలైన ఆ పని, పెన్సిలిన్ వచ్చి రోగము కుదురునని తెలిసిన పిమ్మటను ఆగక, 1972లో పత్రికలు బయటపెట్టు వరకు నలువది యేండ్లు సాగినది. చేసినది ఏదో దొంగసంస్థ కాదు, ప్రభుత్వమే. కావలి కాయవలసినవాడే చేలోదిగినపుడు గట్టుమీద నిలిచి చూచువాడెవడు అన్న ప్రశ్న అక్కడ పుట్టినది. 1974లో ఆ దేశము పరిశోధనా చట్టమును చేసి, ప్రభుత్వ ధనముతో మనుష్యుల మీద జరుగు ప్రతి పరిశోధనను విడిగా ఒక సంఘము పరిశీలించి తీరవలెనని శాసించినది.

ఆ ప్రశ్నయే మన తెలుగునేలకు 2009లో వచ్చెను.

ఆ యేడు జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పది మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు హెచ్‌పీవీ టీకా వేయుట మొదలైనది. పాత్ అను అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ అని మనము పిలుచు భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి చేపట్టిన కార్యక్రమమది. గేట్స్ దంపతుల ధర్మనిధి ధనమిచ్చినది. టీకాను తయారు చేసినవారు ఉచితముగా నిచ్చిరి. గుజరాత్‌లోని వడోదరలో మరియొక సంస్థ టీకాతో ఇటువంటిదే జరిగినది. ఖమ్మంలో టీకా పొందిన పిల్లలలో చాలమంది గిరిజన, దళిత కుటుంబములవారు; ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకొనువారు. తల్లిదండ్రులు ఎక్కడో అడవిపల్లెలలోను, మిరపచేలలోను ఉందురు.

2010 మార్చిలో ‘సమ’ అను మహిళా ఆరోగ్య బృందము భద్రాచలము ప్రాంతమునకు పోయి, హాస్టళ్లలోని పిల్లలను, తల్లిదండ్రులను కలిసి మాట్లాడగా, సమ్మతి తీసికొన్న తీరు బయటపడెను. ఆ యేప్రిల్‌లో కేంద్రము కార్యక్రమమును నిలిపివేసినది. ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు మరణించియుండిరి. ఆ మరణములకు పాముకాటు, నీట మునుగుట, పురుగుమందు, జ్వరము మొదలగునవి కారణములనియు, టీకాతో వానికి సంబంధము కనబడలేదనియు ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము తేల్చినది. ఈ మాటను నేను దాచను, టీకా మంచిదే. నేడు లోకమంతట వాడుచున్నారు, వాడవలెను కూడ. మన దేశపు స్త్రీలలో ఆ క్యాన్సరు ఎందరిని పొట్టనబెట్టుకొనుచున్నదో ఎరిగినవాడెవడును ఆ టీకాను నిందింపడు. కాని మందు మంచిదైనంత మాత్రమున అడుగకుండ ఇచ్చుట మంచిది కాజాలదు.

పార్లమెంటు ఆరోగ్య స్థాయీసంఘము 2013 ఆగస్టు 30న సమర్పించిన తన 72వ నివేదికలో, ఆ సమ్మతిపత్రముల లెక్క తీసినది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రములను పరిశీలింపగా, వానిలో 1,948 పత్రముల మీద వేలిముద్రలుండెను. 2,763 పత్రముల మీద హాస్టల్ వార్డెన్లు సంతకములు చేసియుండిరి.

చదువరి ఇచ్చట ఒక్క నిమిషము ఆగవలెనని నా మనవి. రెండువేల ఏడువందల అరువది మూడు మంది బిడ్డల చేతికి సూది గ్రుచ్చుటకు ఒప్పుకొన్న సంతకము వారి తల్లిదండ్రులది కాదు. వార్డెను చెడ్డమనిషి కానక్కరలేదు. పైనుండి వచ్చిన కాగితము మీద, కలెక్టరు కార్యాలయమో, వైద్యశాఖయో చెప్పినదని, బియ్యపు రిజిస్టరు మీద పెట్టినట్లే దీనిమీదను పెట్టియుండును. జ్వరము వచ్చిన పిల్లకు మాత్ర ఇచ్చు అధికారము తనకున్నపుడు టీకాకు ఒప్పుకొను అధికారము కూడ ఉన్నదనుకొనియుండును. కాని ఇది అప్పటికి జాతీయ టీకాల కార్యక్రమములో భాగమైన మామూలు టీకా కాదు. ఆ కార్యక్రమములో చేర్చదగునా కాదా అని చూచుటకు, ఫలితములు లెక్కించుటకు చేసినది. అట్టిదాని మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ముద్రను వాడిరి. ఆ ముద్ర చూచి తల్లులు పోలియో చుక్కల వంటిదే ననుకొనిరన్నచో తప్పు వారిది కాదు.

పాత్ సంస్థ ఇది పరీక్ష కాదు, ఆచరణసాధ్యతను చూచు అధ్యయనము మాత్రమే యని వాదించెను. టీకాకు 2008లోనే దేశములో అనుమతి వచ్చినదని చెప్పెను. స్థాయీసంఘము ఆ వాదమును అంగీకరింపక, పేరేమి పెట్టినను ఇది మనుష్యుల మీద జరిగిన పరిశోధనయే యనియు, కీడు జరిగినపుడు కనిపెట్టి చికిత్స చేయు ఏర్పాట్లు, బీమా సరిగా లేవనియు తీవ్రముగా తప్పుపట్టెను. ఆ సంఘము అన్నింటికంటె గట్టిగా మందలించినవారిలో ఐసీఎంఆర్ ఒకటి. దేశములో పరిశోధనా నీతికి నియమములు వ్రాయు సంస్థ అదియే; 2000లోను, 2006లోను ఆ నియమములను ప్రకటించినది. ఆ గ్రంథకర్తయే ఇక్కడ భాగస్వామి. ఒకరి పక్షమున నిలిచి పనిచేయుచు, వారినే అనుమానించుచు చూచుట ఎంతటి ధర్మాత్మునికైనను సాధ్యము కాదు. నా దృష్టిలో ఖమ్మం చెప్పిన పాఠములన్నింటిలో పెద్దది ఇది: ప్రభుత్వము పరిశోధనకు భాగస్వామి యైనపుడు దానిని కనిపెట్టుటకు ప్రభుత్వమునకు వెలుపలివాడొకడు కావలెను.

ఈ వ్యవహారము సుప్రీంకోర్టుకు పోగా, పార్లమెంటు సంఘముల నివేదికలను న్యాయస్థానములు సాక్ష్యముగా చూడవచ్చునా అను ప్రశ్న తలెత్తి, ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము 2018 మే 9న, చూడవచ్చునని తీర్పు చెప్పినది. భద్రాచలపు హాస్టళ్లలో మొదలైన కథ పార్లమెంటుకును న్యాయస్థానమునకును గల హద్దుల వరకు పోయినది.

ఖమ్మం ఒక్కటే కాదు, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో జరిగిన పరీక్షల గురించియు స్వాస్థ్య అధికార్ మంచ్ అను సంస్థ సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేయగా, 2005 మొదలు 2012 నడుమ వరకు జరిగిన 475 కొత్త మందుల పరీక్షలలో 2,644 మంది మరణించిరనియు, అందు 80 మరణములకు పరీక్షలే కారణమనియు కేంద్రము కోర్టుకు చెప్పవలసి వచ్చెను. తక్కినవారిలో చాలమంది ముదిరిన రోగములు గలవారు. 80 యను అంకె చిన్నదనుకొనువారు, ఆ 80 ఇండ్లకు నష్టపరిహారమిచ్చు నిర్బంధ నియమమే 2013 జనవరి వరకు దేశములో లేదని గుర్తుంచుకొనవలెను. ఆ జనవరి 30న పరిహారపు నియమము, ఫిబ్రవరి 8న, పరిశోధనల నీతిని పరిశీలించు ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషను నియమము వచ్చెను. అన్నింటిని కలిపి 2019 మార్చి 19న కేంద్రము నూతన ఔషధ, క్లినికల్ ట్రయల్ నియమావళిని ప్రకటించినది. ఇప్పుడు అమలులో నున్నది అదియే.

దానిలో మామూలు మనిషికి తెలియవలసినవి కొన్ని కలవు. కొత్త మందును మనుష్యుల మీద పరీక్షింపవలెనన్నచో ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి కావలెను. అది చాలదు, పరీక్ష జరుగు చోటునకు చెందిన ఎథిక్స్ కమిటీ అనుమతియు కావలెను. ఆ ఆసుపత్రికి సొంత కమిటీ లేకున్న, అదే నగరములోనో, 50 కిలోమీటర్ల లోపలనో ఉన్న మరియొక కమిటీ చూడవచ్చును. మొదటి రోగిని చేర్చుకొనుటకు ముందే ఆ పరీక్ష వివరమును అందరును చూడదగిన జాతీయ పట్టికలో నమోదు చేయవలెను. ప్రాణాపాయమో, ఆసుపత్రిలో చేరవలసినంత కీడో జరిగినచో పరిశోధకుడు 24 గంటల లోపల అధికారికిని, మందు సంస్థకును, కమిటీకిని తెలుపవలెను. కీడు కలిగినవానికి వైద్యము మందు సంస్థ ఖర్చుతోనే చేయవలెను.

పరీక్ష వలన మరణము సంభవించినచో పరిహారమునకు ఒక సూత్రము కలదు. 8 లక్షల రూపాయలు మూలముగా పెట్టుకొని, వయస్సును, మనిషి ఆరోగ్యస్థితిని బట్టి హెచ్చుతగ్గులు చేయుదురు. ఏ రోగమును లేని ఆరోగ్యవంతుడు 65 ఏండ్లు దాటినవాడైన 32 లక్షలు; పదునారేండ్లకు లోబడిన ఆరోగ్యవంతుడైన బాలుడైనచో సుమారు 73 లక్షల 60 వేలు. ప్రాణమునకు ఖరీదు కట్టుట వినుటకు కఠినముగా నుండును గాని, 2013కు ముందు ఆ ఖరీదు ఎవరి దయను బట్టి వారిదిగా నుండెడిదని మరువరాదు.

ఇక ఆ కమిటీ సంగతి. దానిలో కనీసము ఏడుగురుండవలెను. అధ్యక్షుడు ఆ సంస్థకు చెందినవాడు కారాదు. సభ్యులలో సగము మందియైనను వెలుపలివారు కావలెను. ఒక న్యాయకోవిదుడు, ఒక స్త్రీ, సమాజశాస్త్రమో ధర్మశాస్త్రమో తెలిసిన ఒకడు, ఒక సామాన్య వ్యక్తి ఉండి తీరవలెను. ఈ సామాన్య వ్యక్తి వైద్యుడు కానక్కరలేదు, శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు. సమావేశమునకు రావలసిన కనీసపు ఐదుగురిలో అతడొకడు. అతడు కుర్చీలో లేనిదే పెద్దపెద్ద వైద్యులు ఎందరు కూర్చున్నను ఆ సమావేశము చెల్లదు. ఆ నియమావళి మొత్తములో నాకు మిక్కిలి ప్రీతికరమైన వాక్యమిది. ఇంత నిశ్శబ్దముగా, ఇంత గౌరవముతో మామూలు మనిషికి పీట వేసిన చట్టములు మనకు ఎన్నియో లేవు.

కాని ఆ పీట మీద కూర్చున్నవారు నోరు తెరచుచున్నారా? నా భార్య తరపు బంధువులలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు కొంతకాలము అట్టి కమిటీలో సామాన్య సభ్యుడుగా నుండెను. సమావేశమునకు రెండు దినముల ముందు ఇటుకరాయంత కట్టలు ఇంటికి వచ్చెడివనియు, అన్నియు ఇంగ్లీషులో ఉండెడివనియు, మొదటి మూడు సమావేశములలో తాను టీ త్రాగి సంతకము పెట్టి వచ్చితిననియు ఆయన చెప్పెను. నాలుగవదానిలో మాత్రము, తెలుగు సమ్మతిపత్రమును చేతికి తీసికొని, “దీనిని మన ఆయాతో చదివించి చూతము” అనెనట. ఆయా వచ్చి రెండు వాక్యములు చదివి, అర్థము కాలేదనెను. ఆ పత్రమును కమిటీ త్రిప్పి పంపినది. ఒక ఆయా చేసిన ఆ పరీక్షను మించిన పరిశీలన నాకు తెలియదు.

మన హైదరాబాదుకు ఈ విషయము మరింత దగ్గరిది, ఏలయనగా ఇది మందుల నగరము. ఒక సంస్థ కనుగొన్న మందును పేటెంటు గడువు తీరిన పిమ్మట మరియొకరు తయారు చేసినపుడు, రెండును రక్తములో ఒకే తీరుగా చేరుచున్నవా అని చూడవలెను. అందుకు రోగులు కాదు, ఆరోగ్యవంతులు కావలెను. బిళ్ల మ్రింగించి, చేతికి సూది అమర్చి, ఒకటి రెండు దినములు అక్కడనే ఉంచి, గంటగంటకు రక్తము తీయుదురు; కొన్నాళ్లకు మరల పిలిచి రెండవ బిళ్లతో అదే చేయుదురు. దీనిని జనము ‘స్టడీకి పోవుట’ అందురు. పోయినవారికి పైకము ముట్టును. కాయకష్టము చేయువారికి, పని దొరకని నెలలో, అది చిన్న మొత్తము కాదు. ఒక చోట ముగిసిన పిమ్మట సాధారణముగా మూడు నెలలు ఆగవలెనని కట్టడి. కాని అవసరము గలవాడు ఒక చోట సంగతి మరియొక చోట దాచును. దాచినచో మందు మీద మందు పడి ప్రమాదము వానికే.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుండి పేద స్త్రీలను హైదరాబాదుకు తీసికొనివచ్చి క్యాన్సరు మందు విషయములో ఇట్టి పరీక్షలు జరిపినారని తెలిసి, ఔషధ నియంత్రణాధికారి ఆ కేంద్రపు అనుమతిని నిలిపివేసెను. 2017లో కరీంనగర్ ప్రాంతమున ఇట్టి పరీక్షలకు పోయి వచ్చిన యువకుడొకడు మరణించెనని కుటుంబము ఆరోపింపగా, రాష్ట్ర ప్రభుత్వము విచారణకు ఆదేశించెను. ఇట్టి చోట్లను సంతకములుండును. వార్డెను పెట్టినవి కావు, సొంతముగా పెట్టినవే. ఆకలి పెట్టించిన సంతకమును స్వచ్ఛందమనుట ఎంతవరకు న్యాయమో కమిటీలు ఇంకను తేల్చలేదు. పైకము అసలే ఇయ్యకున్న వారి శ్రమను దోచుకొన్నట్లు. ఎక్కువ ఇచ్చిన ఆశ చూపి లాగినట్లు. ఈ చిక్కుముడికి సులభమైన విడుపు నాకు తెలియదు గాని, పోయినవారి వేలిముద్రను అన్ని కేంద్రములును ఒకే పట్టికలో చూచుకొను ఏర్పాటును ప్రభుత్వము నిర్బంధము చేసినచో, కనీసము ఒకే శరీరము మీద రెండు మందులు పడకుండునని నా గట్టి నమ్మకము.

కరోనా కాలములో ఖమ్మం పాఠము మరల పరీక్షకు వచ్చెను. మన నగరపు భారత్ బయోటెక్, ఐసీఎంఆర్ కలిసి రూపొందించిన కొవాగ్జిన్ టీకాను పరీక్షించుటకు 12 ఆసుపత్రులను ఎంపిక చేసిరి. మన నిమ్స్, విశాఖపట్నపు కింగ్ జార్జి ఆసుపత్రి వానిలో కలవు. 2020 జూలై 2న ఐసీఎంఆర్ అధిపతి ఆ ఆసుపత్రులకు లేఖ వ్రాసి, జూలై 7 లోపల మనుష్యులను చేర్చుకొనుట మొదలు కావలెననియు, ఆగస్టు 15 నాటికి టీకాను ప్రజలకు విడుదల చేయవలెనని సంకల్పమనియు, ఆదేశము పాటింపకున్న తీవ్రముగా పరిగణింతుమనియు తెలిపెను. మనుష్యుల మీద మొదటి పరీక్షయే జరుగకముందు విడుదల తేదీ నిర్ణయించిన లేఖ అది. ఆ లేఖ అందుకొన్న ఆసుపత్రిలోని ఎథిక్స్ కమిటీ సభ్యుని స్థితిని ఊహింపుడు: నీతి నియమములు వ్రాసిన సంస్థయే, టీకాకు భాగస్వామియై, తొందరపడుమని గద్దించుచున్నది. దేశమంతట శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. రెండు దినములకే ఆ సంస్థ, అనవసరపు ఆలస్యములు తొలగించుటయే తమ ఉద్దేశమని వివరణ ఇచ్చుకొనెను. పరీక్షలు తమ క్రమములో సాగినవి. టీకాకు అత్యవసర అనుమతి 2021 జనవరి 3న వచ్చెను. ఆగస్టు 15 నాటికే టీకా విడుదల కాకపోయినందుకు, ఆనాడు నోరు విప్పినవారికి మనము కృతజ్ఞులమై యుండవలెను.

మందు కాని పరిశోధనకు సయితము ఇప్పుడు కావలి కలదు. ఇంటింటికి వచ్చి తిండి అలవాట్లు అడిగినను, రక్తపు బొట్టు తీసికొని పోషకాహారము లెక్కించినను, వైద్యారోగ్య పరిశోధన యెట్టిదైనను చూచు కమిటీలు కేంద్ర ఆరోగ్య పరిశోధనా విభాగమున నమోదు కావలెనని 2019 నియమావళి చెప్పుచున్నది. ఇది ఆశ్రమ పాఠశాలలకును అంగన్‌వాడీలకును ఎంత అవసరమో ఖమ్మం చూపియున్నది. ఐసీఎంఆర్ 2017లో సవరించిన నియమములు, ఏడేండ్లు నిండిన పిల్లల ఒప్పుదలను నోటిమాటగానైనను అడుగవలెననియు, పండ్రెండు దాటినవారిది వ్రాతపూర్వకముగా తీసికొనవలెననియు, అది తల్లిదండ్రుల సమ్మతికి తోడే గాని మారు కాదనియు చెప్పుచున్నవి. ఆ నియమముల పేరులో 2006లోనే ‘ప్రయోగమునకు గురియగువారు’ అను మాట పోయి, ‘పాల్గొనువారు’ అను మాట వచ్చినది. 2024లో లోకపు వైద్యసంఘము, పరిశోధనా నీతిని చెప్పు తన హెల్సింకీ ప్రకటనలోను అదే మార్పు చేసినది. మాట మారుట చిన్న విషయమని నేననుకొనను.

మా వీధి ఇల్లాలి భర్త మరునాడు సంతకము పెట్టలేదు. ఇద్దరును పోయి ఒక వారము గడువడిగిరి, కాగితముల ప్రతి కావలెననిరి. వారము పిమ్మట ఒక చిన్న వయస్సు వైద్యురాలు వారిని ఎదుట కూర్చుండబెట్టుకొని, కాగితపు వెనుక రెండు గిన్నెల బొమ్మ వేసి, ఏ గిన్నెలోని బిళ్ల ఎవరికి పోవునో తనకును తెలియదని వారి మాటలోనే చెప్పెనట. ఆమె అరగంట సేపు వెచ్చించినది. పెన్సిలు గుర్తు మీద కాక, దాని క్రింద, తనకు వీలైన చోట ఆయన తన పేరు వ్రాసెను.

మీర్‌పేట్, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్, బాలాపూర్ కాలనీలలో ఎందరో విశ్రాంత ఉపాధ్యాయులు, న్యాయవాదులు, సంఘములు నడిపిన స్త్రీలు కలరు. దగ్గరలోని ఆసుపత్రుల కమిటీలలో సామాన్య సభ్యుని పీట మీద మీరు కూర్చుండవచ్చును. మిమ్ము పిలువుమని అడుగుడు, పోయిన పిమ్మట టీ త్రాగి రాకుడు. మీ యింట ఎవరినైనను పరిశోధనలో చేరుమని ఆసుపత్రి అడిగినచో, సమ్మతిపత్రపు ప్రతిని చేతికి తీసికొని ఇంటికి తెచ్చుకొనుడు. సంతకము చేసిన పిమ్మటను ఒక ప్రతి మీకు ఇచ్చి తీరవలెనని నియమమున్నది. అర్థము కాని వాక్యము దగ్గర వ్రేలుపెట్టి అడుగుడు. చెప్పకున్నచో సంతకము పెట్టకుడు.